తీసేసిన ఇరవై సెకన్లు

లలోఫావు బస్సెక్కితే చాలు, లనువోలాకి తన గొంతు తనకే వినిపిస్తుంది. గురువారం పొద్దున కూడా అంతే అయింది. వెనక బెంచీ మీద ఎనిమిదో తరగతి ఆడపిల్లలిద్దరు ఒకే ఫోన్ మీద తలలు ఆనించి కూర్చున్నారు. డ్రైవరు పెట్టిన పాటలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. అయినా వాటి కిందనించి దూరి వచ్చిందా గొంతు. "సముద్రం వెనక్కి పోయిందా? అయితే నువ్వు కొండెక్కు!"

"కొండెక్కు, కొండెక్కు!" అని ఇద్దరూ వంత పాడారు.

"ఏయ్, టీచర్ ఇక్కడే ఉన్నారే!"

బస్సంతా తిరిగి చూసింది. బుట్టలో టారో దుంపలు పెట్టుకుని కూర్చున్న ముసలామె ఒక్కతే తల తిప్పలేదు. ఆమెది లలోఫావే. లనువోలా పిల్లల వైపు నవ్వింది. ఆ నవ్వు ముఖానికి ఎలా అతికించుకుందో ఆమెకే తెలియాలి. బడి ఇంకా రెండు మలుపులుందనగా దిగిపోయి, మిగతా దారి చినుకుల్లో నడిచింది.

ఏడో తరగతి నించి పదో తరగతి దాకా సైన్సు చెప్పేది ఆమే. పుస్తకం తెరవమంటే కునుకు తీసే పిల్లలు ఫోన్ తెరిస్తే కళ్లింతలు చేసుకుంటారని రెండేళ్ల క్రితం కనిపెట్టింది. చిన్న చిన్న వీడియోలు మొదలుపెట్టింది. ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది, రొట్టె ఎందుకు పొంగుతుంది, అలలు ఎలా పుడతాయి. ఒక నిమిషం దాటకూడదన్న నియమం కూడా ఆమె పెట్టుకున్నదే. నిమిషం దాటితే పిల్లలు చూడరు, పైగా వాళ్ల ఫోన్లలో బ్యాలెన్సు కరిగిపోతుంది. భూకంపం తర్వాత వచ్చే ఉప్పెన, అదే సునామీ గురించి చేసిన వీడియో మొదట ఒక నిమిషం ఇరవై సెకన్లు వచ్చింది. చివరి ఇరవై సెకన్లు తీసేసింది. ఆ మాటలు క్లాసులో ఎలాగూ చెప్పింది కదా, మళ్లీ ఎందుకులే అనుకుంది. అంత చిన్న విషయం గురించి అప్పుడు అంతకన్నా ఆలోచించలేదు.

అక్టోబరులో నేల ఊగినప్పుడు సముద్రం వెనక్కి పోలేదు. నేరుగా ఊళ్లోకి వచ్చేసింది. లలోఫావులో ఏడుగురు పోయారు. ఆరుగురు మంచం దిగలేని ముసలివాళ్లు. ఏడోది తిలోమై. పద్నాలుగేళ్ల పిల్ల, జిల్లా పరుగు పందెంలో రెండోసారి కూడా గెలిచిన పిల్ల. అందరూ కొండవైపు పరిగెడుతుంటే అదొక్కతే రాళ్లగట్టు మీద నిలబడి సముద్రం వైపు చూస్తోందని, ఆ పక్కనించి పరిగెత్తినవాళ్లు చెప్పారు. ఎందుకు చూస్తోందో ఊరందరికీ తెలుసు. టీచర్ ముందు ఎవరూ అనరు, అంతే.

*

హెడ్మాస్టర్ ఎటెవాటి టీ కప్పు పక్కన పెట్టి, కుర్చీలోంచి లేచి మరీ ఎదురొచ్చాడు. మనిషి భారీ, మాట ఇంకా భారీ.

"కూర్చోమ్మా, కూర్చో. పనికెకె తిను, మా ఆవిడ ఇప్పుడే వేడివేడిగా వేయించి పంపింది. రాజధాని నించి ఫోనొచ్చింది. నీ ఉప్పెన వీడియో అన్ని బళ్లకీ ఎక్కిస్తారట! సోమవారం ఎనిమిదింటికి. దీవిలో ఏ పిల్లకాయ టాబ్లెట్టు తెరిచినా నీ ముఖమే!"

లనువోలా పిండివంట ముట్టుకోలేదు.

"అది వద్దు సర్. తీసేయమనండి."

"తీసెయ్యడమేంటి? తప్పేముంది అందులో?"

"తప్పు లేదు. సగమే ఉంది."

ఎటెవాటి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చూడమ్మాయ్. ఆ పిల్ల సంగతి నాకూ బాధే. నా బడి పిల్ల అది. కానీ సముద్రం నీ వీడియో చూసి రాలేదు కదా? నిన్నెవరైనా ఒక్క మాటన్నారా?"

"అంటే బాగుండేది."

ఆయన కాసేపు కప్పులో చెంచా తిప్పాడు. నిజానికి చెడ్డవాడేం కాదు. పైనించి వచ్చిన మాటకి అడ్డం చెప్పడం ఆయనకి చేతకాదు.

"సరే, ఒక పని చెయ్యి. కొత్తది చేసుకురా. సోమవారం పొద్దున ఎనిమిదిలోపు నా చేతిలో పెడితే అదే పంపిస్తా. లేదంటే పాతదే పోతుంది. అసలు లేకపోవడం కంటే సగం నయం."

సగం నయం అన్న మాట ఆమె చెవిలో రోజంతా గింగురుమంటూనే ఉంది.

సాయంత్రం సైన్సు గదిలో బట్టలుతికే తొట్టెలో నీళ్లు పోసింది. నీలిమందు కలిపింది. ఒక చివర ఇసుక పోసి ఏటవాలుగా సర్ది, అగ్గిపెట్టెల ఇళ్లు పెట్టింది. రెండో చివర నీళ్లలో చెక్క నిలబెట్టింది. చెక్కని వెనక్కి లాగితే ఒడ్డున నీళ్లు ముందు తగ్గి, తర్వాత వస్తాయి. ముందుకి తోస్తే తగ్గడం అంటూ ఉండదు, తోసిన నీళ్లు తోసినట్టే ఇళ్ల మీదికి వస్తాయి. సముద్రం అడుగున నేల ఎటు కదిలిందన్న దాన్ని బట్టే అంతా. పాత వీడియోలో లాగడం ఒక్కటే ఉంది. చెక్క లాగినది తిలోమై చెయ్యి. "ఎంత దూరం పోతుంది టీచర్?" అని అడిగినదీ అదే. ముఖం ఎక్కడా పడలేదు, చెయ్యీ గొంతూ మాత్రం ఉన్నాయి.

ఫోన్‌ని మాంసం డబ్బాకి ఆనించి నిలబెట్టి, లనువోలా పదో తరగతి మరెటాని పిలిచింది.

"ఈ చెక్క పట్టుకోమ్మా."

మరెటా చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఆ చెక్క తిలోమైది టీచర్."

"చెక్క బడిది. పట్టుకో."

"నా వల్ల కాదు టీచర్. కోప్పడకండి." ఆ పిల్ల గడప దగ్గరికి జరిగిపోయింది. వెళ్లిపోతుందనుకుంటే ఆగి, గబగబా చెప్పేసింది. "సాయంత్రం ప్రార్థన వేళ గట్టు మీద నిలబడి ఉంటోందట టీచర్. మా పిన్ని చూసిందట. సముద్రం ఇంకా వెనక్కి పోలేదేంటా అని చూస్తోందట."

లనువోలా దెయ్యాలను నమ్మదు. పిల్లలకి అదే నేర్పింది. అయినా ఆ మాట విన్నాక చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి, నమ్మకపోవడం ఏమీ సాయపడలేదు. చెక్క తనే పట్టుకుంది. ఒంటిచేత్తో తోస్తూ మాట్లాడింది. లాగే భాగం దాకా బాగానే వచ్చేది. తోసే భాగం రాగానే, "కానీ అన్నిసార్లూ" అన్నచోట గొంతు పూడుకుపోయేది. దగ్గింది, నీళ్లు తాగింది, మళ్లీ మొదలుపెట్టింది. పదకొండుసార్లు అక్కడే ఆగిపోయింది. అప్పుడు చెప్పాల్సిన మాటని ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను అనిపించింది. తొట్టె వంచి నీళ్లు మొక్కలకి పోసేసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం మేనమామ తోటకి వెళ్లింది. ఆయన పేరు తుయిలోమా, వాళ్ల కుటుంబానికి పెద్ద, మాట చెల్లే మనిషి. నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయలు పొడిచి పీచు ఒలుస్తున్నాడు. కాయ గుచ్చడం, మెలితిప్పడం, పీచు ఊడిరావడం, అంతా ఒకే ఊపులో అయిపోతోంది.

"బడి మానేసి వచ్చావేంటే? ఒలవడం నేర్చుకుంటావా? కూలి ఇవ్వను, ముందే చెప్తున్నా."

"మామయ్యా, తిలోమై వాళ్లమ్మ లూసియా ఇంటికి ఇఫోంగాకి వెళ్దాం."

గుచ్చిన కాయ గుచ్చినట్టే ఉండిపోయింది.

ఇఫోంగా అంటే మా దీవుల్లో హాస్యం కాదు. ప్రాణం తీసిన కుటుంబం తెల్లవారుజామున వెళ్లి, పోయినవాళ్ల వాకిట్లో సన్నచాప కప్పుకుని మోకాళ్ల మీద కూర్చుంటుంది. లోపలివాళ్లకి మనసొస్తే బయటికి వచ్చి చాప తీస్తారు. తీస్తే క్షమించినట్టు, ఇంక ఆ మాట రెండు ఇళ్ల మధ్య ఎప్పుడూ రాదు. తీయకపోతే కూర్చున్నవాళ్లు ఎంతసేపైనా కూర్చోవాలి. వెనకటికి కత్తి తీసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు.

"నీకు మతి పోయిందా?" అన్నాడు తుయిలోమా. "ఎవర్ని చంపావని? కత్తితో పొడిచావా, బండి ఎక్కించావా? ఫోన్లో బొమ్మకి ఇఫోంగా ఏంటే?"

"ఆ పిల్ల నా మాట నమ్మి నిలబడింది."

"నువ్వు మోకాళ్లేస్తే అది నీ ఒక్కదానితో పోతుందా? మనం చంపామని మనమే ఒప్పుకున్నట్టు. రేపు నా మనవలకి పిల్లనిచ్చేటప్పుడు కూడా ఆ మాటే అంటారు. ఇంటి చాప నేనివ్వను. పో."

"అమ్మ ఇచ్చిన చాప నా దగ్గరుంది."

"మొండిఘటం. అచ్చం మీ అమ్మే." ఆయన కాయని గునపం మీదనించి పీకి, ఒలవకుండానే కుప్పలోకి విసిరాడు. "మీ అమ్మ నీకది చదువైనందుకు ఇచ్చింది, నెత్తిన కప్పుకోవడానికి కాదు."

మామయ్య చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఈ బరువు మోసుకుంటూ సోమవారం క్లాసులోకి నడవడం తనవల్ల కాదని కూడా ఆమెకి తెలుసు. వెళ్లేటప్పుడు వెనకనించి ఆయన అరిచాడు, "అన్నమైనా తిని చావు!" ఆమె ఆగలేదు.

*

శనివారం కోళ్లు కూసే వేళకి లలోఫావు కొత్త ఊరు చేరింది. పాత ఊరు కింద గట్టు పక్కనే ఉండేది, ఇప్పుడక్కడ పునాది రాళ్లే ఉన్నాయి. మిగిలినవాళ్లంతా కొండమీద రేకుల కప్పులు వేసుకున్నారు. లూసియా ఇంటికి ఇంకా గోడలు లేవు, స్తంభాలకి నీలం టార్పాలిను కట్టి ఉంది. లనువోలా వాకిట్లో చెప్పులు విడిచి, తడి మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, చాప తలమీదనించి కప్పుకుంది.

చాప గుడ్డలా మెత్తగా ఉంది. తల్లి పదకొండు నెలలు కూర్చుని అల్లిన చాప, పాతబట్టల వాసన వేస్తోంది. పోగుల సందుల్లోంచి బయటి వెలుగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది. చినుకులు మొదలయ్యాయి. ఒక పంది పిల్ల వచ్చి అంచు వాసన చూసి పోయింది.

తర్వాత ఇల్లు లేచింది. ముందు ముసలాయన దగ్గు వినిపించింది. లూసియా తండ్రి ఆసువేగా. ఆ తర్వాత వాకిలి ఊడ్చే చప్పుడు మొదలై, నాలుగు ఊడ్పుల తర్వాత ఠక్కున ఆగిపోయింది. చీపురు కింద పడింది. అడుగులు లోపలికి పరిగెత్తాయి.

"నాన్నా, లే నాన్నా! ఎవరో..." లూసియా గొంతు.

"ఎవరే?"

"టీచరమ్మనుకుంటా. కాళ్లు చూశా."

ఎవరూ బయటికి రాలేదు. అలా ఎంతసేపు గడిచిందో చెప్పడం కష్టం. మోకాళ్లు ముందు నొప్పి పుట్టి, తర్వాత మొద్దుబారాయి. పక్క ఇళ్లవాళ్లు వచ్చి దూరంగా నిలబడుతున్నట్టు గుసగుసల్ని బట్టి తెలుస్తోంది. ఎవరో, "ఒక్కతే వచ్చిందేంటి, వాళ్ల మనుషులు లేరా?" అన్నారు. ఎవరో ఉష్ మన్నారు. సిగ్గుతో ఆమె ఒళ్లంతా కాలిపోయింది.

అప్పుడు దారిలో చెప్పుల చప్పుడు అయింది. రొప్పుతూ వచ్చిన మనిషి సరిగ్గా ఆమె వెనక ఆగి, కీళ్లు కటకటలాడుతుండగా మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నా మోకాళ్లు పోతే నీదే ఖర్చు," అని గొణిగాడు తుయిలోమా.

లనువోలాకి ఏడుపు ముంచుకొచ్చింది. పెదవి కరిచిపెట్టుకుని ఆపుకుంది.

పెద్దమనిషి కూడా వచ్చి కూర్చున్నాక ఆసువేగా ఇంక లోపల ఉండలేకపోయాడు. కర్ర చప్పుడు మెట్టు దిగి, వాకిలి దాటి, ఆమె ముందుకి వచ్చింది. చాప అంచు మీద వేళ్లు పడ్డాయి.

"ముట్టుకోకు నాన్నా!"

లూసియా అరుపుకి చుట్టూ ఉన్న గుసగుసలన్నీ చచ్చిపోయాయి.

"ఏంటమ్మా అది? ఆ పిల్ల ఇంత దూరం వచ్చి..."

"ముట్టుకోకన్నానా!"

వేళ్లు అంచుని వదిలేశాయి. అయిపోయింది అనుకుంది లనువోలా. దీనికి తను అర్హురాలినే అని కూడా అనుకుంది. కళ్లు మూసుకుని మధ్యాహ్నం దాకా, సాయంత్రం దాకా, ఎప్పటిదాకానైనా కూర్చోవడానికి ఒళ్లు బిగబట్టుకుంది. ఇంతలో చాప ఒక పక్కన లేచింది. చల్లగాలి కొట్టింది. తడి బట్టలతో ఒక మనిషి ఆమె పక్కకి పాక్కుంటూ వచ్చి, చాప మళ్లీ కిందికి లాగేసుకుంది.

ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి. లూసియా ఊపిరి చెంపకి తగులుతోంది.

"మా నాన్న తీస్తే చెల్లదు," అంది గుసగుసగా. "ఆయనకి తెలీదు. ఎవరికీ తెలీదు."

"ఏంటక్కా?"

"గిన్నెలు తోముకుంటున్నా ఆ రోజు. నేల ఊగింది. ఎంతకీ ఆగలేదు. అది పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది. కొండెక్కుదాం పదమ్మా అంది. నేనేమన్నానో తెలుసా? సముద్రం వెనక్కి పోయిందా అన్నా. మీ టీచరే చెప్పింది కదే, ఫోన్లో వందసార్లు చూపించావు కదే అన్నా. అది, కాదమ్మా, ఒక్కోసారి పోదట, క్లాసులో టీచర్ చెప్పారు అంది. నేను కసిరేశా. ఫోన్లో ఉన్నది అబద్ధమా, నువ్వు చెప్పేది నిజమా అని. ఉతికిన బట్టలన్నీ తీగ మీద ఉన్నాయి. పోయి చూసి రా, నీళ్లు పోయుంటే అప్పుడెళ్దాం అన్నా."

లనువోలా ఆమె వైపు తల తిప్పింది.

"వెళ్లింది. ఎదురు చెప్పలేదు. నేను పంపితే వెళ్లింది." లూసియా పిడికిలి నోట్లో పెట్టుకుని కొరుక్కుంది, కాసేపటికి తీసింది. "అది తెలివితక్కువై సముద్రం చూస్తూ నిలబడిందని ఊరంతా అనుకున్నారు. అనుకోనిచ్చా. టీచర్ వీడియో వల్లే పోయిందన్నారు. అననిచ్చా. నాలుగు నెలలు నీ పేరు ఎత్తినప్పుడల్లా నోరు మూసుకుని కూర్చున్నా. ఇప్పుడు నువ్వొచ్చి నా వాకిట్లో మోకాళ్లేశావు."

ఒక్క క్షణం లనువోలాకి భగ్గున కోపం వచ్చింది. నాలుగు నెలలు. బస్సులో ముఖం తిప్పుకునే ముసలమ్మలు, గొంతు దిగని ముద్దలు, పదకొండుసార్లు పూడుకుపోయిన మాట. ఈ మనిషి ఒక్క మాట చెప్పుంటే అంత ఉండేది కాదు. కానీ లూసియా నమ్మింది ఎవర్ని? కన్నకూతుర్ని కూడా కాదని నమ్మింది ఆ ఒక్క నిమిషం వీడియోనే. ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియక అది అలాగే చల్లారిపోయింది.

"క్లాసులో ఏం చెప్పావు దానికి?" అంది లూసియా. "దానికి చెప్పినట్టే నాకు చెప్పు. ఒక్క ముక్క వదలొద్దు."

"చెక్క వెనక్కి లాగితే నీళ్లు ముందు పోతాయి, తర్వాత వస్తాయి," అంది లనువోలా. "ముందుకి తోస్తే పోవు, నేరుగా వచ్చేస్తాయి. ఏది జరుగుతుందో ఒడ్డున ఉన్నవాళ్లకి తెలీదు. కానీ అన్నిసార్లూ సముద్రం మనకి చెప్పి రాదు. నేల ఊగి నిలబడలేకపోతే, ఎంతకీ ఆగకపోతే, అదే కబురు. సముద్రం వంక చూడొద్దు. బట్టలొద్దు, బండి వద్దు, ఎవర్నీ అడగొద్దు. చిన్నవాళ్ల చెయ్యి పట్టుకుని కొండెక్కండి. పెద్దవాళ్లు కాదన్నా లాక్కుపొండి."

మాట ఎక్కడా ఆగలేదని, చెప్పడం అయ్యాక గానీ ఆమె గమనించలేదు.

"లాగింది," అంది లూసియా. "నువ్వు చెప్పినట్టే లాగింది. ఇక్కడ పట్టుకుని." ఎడమ మణికట్టు మీద కుడిచెయ్యి వేసి గట్టిగా నొక్కుకుంది, ఇంకా అక్కడ వేళ్లున్నట్టు. అప్పుడు ఏడ్చింది. శబ్దం లేకుండా, ఊపిరి అందక, గోడల్లేని ఇంట్లో ఎవరికీ వినిపించకుండా ఏడవడం అలవాటైనట్టు ఏడ్చింది. లనువోలా ఆమెని గుండెకి అదుముకుంది. బయట ముసలాయన, "ఏమైందమ్మా, ఏమంటున్నారు మీరిద్దరూ?" అని అడుగుతూనే ఉన్నాడు. తుయిలోమా వెనకనించి, "కాసేపు ఊరుకోండి పెద్దాయనా," అన్నాడు.

లూసియా ఏడుపు తగ్గింది. ముక్కు చీదింది. కానీ లేవలేదు. నుదురు నేలకి ఆనించి, వీపు మీద చాప బరువు వేసుకుని, అలాగే వంగి ఉండిపోయింది. ఆమె దేనికోసం ఆగి ఉందో లనువోలాకి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్లు ఝల్లుమంది. ఇలాంటిది మా దీవుల్లో ఎవరూ చేయగా ఎవరూ చూడలేదు.

ముందు తను బయటికి వచ్చింది. మొద్దుబారిన కాళ్ల మీద నిలబడలేక ముసలాయన కర్ర పట్టుకుంది. వాకిలి చుట్టూ ఊరంతా నిలబడి ఉంది, ఎవరూ కదల్లేదు. ఆమె వంగి, తల్లి అల్లిన చాప రెండు అంచులూ రెండు చేతులా పట్టుకుని, లూసియా తలమీదనించి మెల్లగా తీసింది.